వకుళ ఇచ్చిన రోజు

తన కూతురు పుట్టిన రోజు ఎలా గడిచిందో తనకు ఒక్క ముక్క కూడా గుర్తులేదని, అదే రోజు ఆఫీసులో మరో ముగ్గురికి పూసగుచ్చినట్టు గుర్తుందని వకుళకు సోమవారం పొద్దున పదింటికి తెలిసింది.

అంతకు రెండు గంటల ముందు ఆ సంగతి చిన్నదిగానే కనిపించింది. లహరి రెండో తరగతి. 'నేను పుట్టిన రోజు' గురించి పది వాక్యాలు రాసుకురమ్మని టీచరు చెప్పింది. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, అమ్మ చేత జడ వేయించుకుంటూ అడిగింది.

"చెప్పమ్మా. ఆ రోజు ఎండా, వానా?"

వకుళ నోరు తెరిచింది. తేదీ తెలుసు. కాకినాడలో ఏ ఆసుపత్రో తెలుసు. పాప బరువు రెండు కిలోల ఎనిమిది వందలని కార్డులో ఉంది కాబట్టి అదీ తెలుసు. ఎండో వానో మాత్రం తెలియలేదు.

"నాన్ననడుగు. అమ్మకి లాగిన్ టైమైంది."

"నన్ను కన్నది నాన్న కాదుగా!" అంది లహరి మూతి తిప్పుతూ.

పదింటికి రోజువారీ కాల్ మొదలైంది. వకుళది నలుగురి జట్టు. ఓ విమాన సంస్థ వెబ్‌సైటులో తప్పులు వెతికిపెట్టడం వాళ్ళ పని. కర్నూలు నుంచి యాకూబ్, కరీంనగర్ నుంచి నవనీత, హైదరాబాద్ నుంచి టీమ్ లీడ్ నరహరి. మూడేళ్ళుగా కలిసి పనిచేస్తున్నా ఒకరినొకరు తెర మీద తప్ప ఎక్కడా చూసుకోలేదు.

"నాకు మతిమరుపు వచ్చేసిందండీ బాబూ," అంది వకుళ నవ్వుతూ. "మా అమ్మాయి పుట్టిన రోజు వానో ఎండో కూడా చెప్పలేకపోయాను."

"వాన కదా మేడం!" యాకూబ్ కూడా నవ్వాడు. "పొద్దున్నుంచీ ఒకటే వాన. మీ సారు లుంగీ మీదే ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికినాడు. ఆటోలో నీళ్ళు కారుతాంటే మీరు లోపలే గొడుగు తెరిచినారు."

"ఆపరేషన్ రూమ్ బయట నీలం బకెట్టు," నవనీత అందుకుంది. "పైకప్పు నుంచి అండ్ల టప్ టప్ మని నీళ్ళు పడుతుంటయ్. ఆ చప్పుడు నాకు కలల గూడ వస్తుంది అక్కా."

నరహరి మాత్రం గడియారం చూసుకున్నాడు. "సరే, పనిలోకి వద్దాం," అన్నాడు.

వకుళ మైకు ఆపేసింది. వాళ్ళు చెప్పింది వింటుంటే, తను చూడని సినిమా కథ ఎవరో చెబుతున్నట్టుంది. నీలం బకెట్టు. గొడుగు. ఏదీ తనది కాదు.

ఆ రోజును వాళ్ళకిచ్చింది తనే. ఇచ్చినట్టు మాత్రం బాగా గుర్తుంది.

ఆరు వారాల కిందటి శుక్రవారం అది. శుక్రవారం నాలుగింటికి జట్టంతా సరదాగా గడపాలని కంపెనీ ఏర్పాటు. మొదట్లో అంత్యాక్షరి, తంబోలా. తర్వాత కొరియర్లో ఒక్కొక్కరికీ ఒక్కో పెట్టె వచ్చింది. అందులో 'తోడు' పట్టీ. నుదుటికి కట్టుకునే మెత్తటి గుడ్డపట్టీ, చెవుల వెనక ఆనుకునే రెండు బిళ్ళలు. ఆట పేరు 'నా రోజు'. ఒకరు కళ్ళు మూసుకుని తమ జీవితంలో ఒక రోజును తలుచుకోవాలి. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుంటే చాలు. ఆ రోజు వాళ్ళకే జరుగుతుంది. చూసినట్టు కాదు, జరిగినట్టే.

యాకూబ్ తన ఊళ్ళో క్రికెట్ కప్పు గెలిచిన రోజు ఇచ్చాడు. ఎండకు వకుళ నాలుక పిడచకట్టుకుపోయింది. నవనీత తన అక్క పెళ్ళి ఇచ్చింది. వకుళ వంతు వచ్చినప్పుడు లహరి పుట్టిన రోజు తలుచుకుంది. కళ్ళు తెరిచేసరికి తెర మీద ముగ్గురూ ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. మూడేళ్ళలో మొదటిసారి వాళ్ళు తనకు దగ్గరివాళ్ళనిపించారు.

పెట్టె మూత మీద ఒక ఫోన్ నంబరుంది. విశాఖపట్నంలోని ప్రయోగశాలది. కాల్ అయ్యాక వకుళ ఆ నంబరుకి ఫోన్ చేసింది. ఎవరో వివరాలు రాసుకుని, డాక్టర్ అలివేలు మాట్లాడతారన్నారు. పట్టీని తయారుచేసింది ఆవిడే. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ వీడియోలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసి ఉంది. మాటలు గబగబా వస్తున్నాయి.

"ఆటయ్యాక ముడి వేశారా?"

"ముడి అంటే ఏంటండీ?"

"పెట్టెలో కాగితం ఉంటుంది. ఎవరూ చదవరు. చూడమ్మా, ఒక జ్ఞాపకాన్ని బయటికి తీసినప్పుడల్లా అది విచ్చుకుని కాసేపు మెత్తగా ఉంటుంది. తర్వాత ఒక పావుగంట మీ నోటితో మీరే ఎవరికైనా చెప్పుకుంటే మళ్ళీ గట్టిపడుతుంది. దాన్నే మేం ముడి అంటాం. చెప్పుకోకపోతే అంచులు కరుగుతాయి."

"మాకు నాలుగూ ముప్పావుకి క్లయింటు కాల్ ఉంటుందండీ. ఆటయ్యాక చప్పట్లు కొట్టి వెళ్ళిపోతాం. ఎవరమూ ముడి వేయలేదు."

"ఎన్నిసార్లిచ్చారు?"

"ఒక్కసారే."

"ఒక్కసారికి మహా అయితే ఆటో రంగు మరిచిపోతారు. రోజు మొత్తం పోదే..."

కీబోర్డు టకటక వినిపించింది. తర్వాత ఆగిపోయింది. ఆవిడ కళ్ళజోడు కిందికి దించుకుంది.

"వకుళా, మీ రోజును నలభై మూడు సార్లు తెరిచారు."

"నేను తెరవలేదండీ!"

"మీరు కాదు. అవతల నుంచి ఎవరో. పని రోజుల్లో మధ్యాహ్నం ఒంటి గంటా పది నిమిషాలకి, ఆరేసి నిమిషాలు. కొన్నాళ్ళు రెండేసి సార్లు. ఆఖరిది ఇవాళే."

"ఇవాళా?"

"మేం ఎవరి జ్ఞాపకాన్నీ ఎక్కడా దాచిపెట్టం. దాచితే దొంగలు పడతారని భయం. అంచేత ఎవరైనా మళ్ళీ చూడాలంటే నేరుగా మీ తలలోంచే తీసుకోవాలి, అదీ మీరు పట్టీ పెట్టుకుని ఉంటేనే. ఆట టైములో తప్ప ఎవరు పెట్టుకుంటారులే అనుకున్నాను. ఆ తప్పు నాది."

వకుళ చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది. పట్టీ అక్కడే ఉంది. "నేను రోజంతా పెట్టుకునే ఉంటానండీ. మేమంతా."

"అదేం పనమ్మా?"

"ఆకుపచ్చ చుక్క కోసం. పట్టీ తీస్తే పేరు పక్కన చుక్క ఎర్రబడుతుంది. సీట్లో లేమని అర్థం. హెడ్డాఫీసు రూలన్నారు."

అలివేలు గట్టిగా ఊపిరి వదిలింది. "ముందు అది తీసెయ్యి."

వకుళ పట్టీని పీకి బల్ల మీద పడేసింది. తెర మూలన చుక్క ఎర్రబడింది.

"ఎవరు చూశారో చెప్పగలరా?"

"పేరు కనపడకుండా కట్టాం. ఎవరి గుట్టు వాళ్ళదేనని గొప్పగా చెప్పుకున్నాం. ఇప్పుడు నాకే కనపడదు. మీ ముగ్గురిలో ఒకరు, అంతే. ఇంకో సంగతి విను. భయపెట్టాలని కాదు, తెలిసి ఉండాలి. ఒక రోజు ఖాళీ అయితే దాన్ని ఆనుకుని ఉన్నవన్నీ ఆ గోతిలోకి జారతాయి. అంటే పాపకి సంబంధించినవి."

"ఎంతవరకు?"

ఆవిడ తప్పించుకోలేదు. "పాప దాకా. రేపు సాయంత్రంలోగా ఆ రోజును వెనక్కి తెచ్చి పెట్టగలిగితే ఆపొచ్చు. ఆ తర్వాత నేను మాటివ్వలేను."

"ఎలా తెస్తారు?"

"అన్నిసార్లు చూసిన మనిషి దగ్గర నీ రోజు నీకన్నా గట్టిగా ఉంటుంది. ఆ మనిషి పట్టీ పెట్టుకుని నీకివ్వాలి. ముడి వేసుకోకుండా, పూర్తిగా. ఇచ్చాక తన దగ్గరేమీ మిగలదు. ఒకసారి ఇచ్చిన రోజునైతే మళ్ళీ తెరవొచ్చు గానీ, మొదటిసారి ఇవ్వడమనేది బలవంతం చేస్తే రాదమ్మా. వాళ్ళంతట వాళ్ళు తలుచుకుంటేనే."

సాయంత్రం అయిదున్నరకు వకుళ గేటు దగ్గర నిలబడింది. ఎర్ర బ్యాగు వేసుకున్న పిల్ల ఒకతె వీధి మలుపు నుంచి పరిగెత్తుకొస్తోంది. ఎవరి పాపో, పడుతుందేమో అనుకుంది వకుళ. ఆ పిల్ల వచ్చి నడుం చుట్టూ చేతులు వేసి కావలించుకున్నాక గాని పేరు తట్టలేదు.

వకుళ భర్త చంద్రమౌళి ఓడరేవులో క్రేను నడుపుతాడు. స్నానం చేసి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు సంగతంతా మొదటి నుంచీ చెప్పాడు. లుంగీ, ఆటో, గొడుగు, గొడుగు చువ్వ తగిలి డ్రైవరు తిట్టడం. వకుళ శ్రద్ధగా విన్నది.

"ఏమైనా తట్టిందా?"

"మీరు చెప్పింది అర్థమైంది. నేను అక్కడున్నట్టు మాత్రం లేదండీ."

"ఎవడో చెప్పు, నేను వెళ్ళి మాట్లాడతా."

"మాట్లాడి ఏం చేస్తారు? వాళ్ళు మనసు రాయి చేసుకుంటే ఇక రాదు. కొట్టినా రాదు."

మంగళవారం పొద్దున లహరి క్యారేజీ మూత తీసి చూసింది. "కాకరకాయా? అమ్మా, నాకు కాకరకాయ పడదని తెలీదా?"

తెలీదు. వకుళ వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

పదిన్నరకు అలివేలే ఫోన్ చేసింది. "ఓ దారి తట్టింది. నీ రోజును ఒక్కసారి చూసినవాళ్ళకి కథ గుర్తుంటుంది. నలభైసార్లు చూస్తే ఒంటికి గుర్తుంటుంది. సైకిలు తొక్కడంలా, చెయ్యీ కాలూ వాటంతటవే వెళ్ళిపోతాయి. మాటల్లో దొరకరు. ఒళ్ళు కదిలేలా ఏదైనా ఆట పెట్టు."

"మూగసైగలు ఆడతాం అప్పుడప్పుడూ. సినిమా పేరు చేసి చూపించడం."

"అదే పెట్టు. నీ ఫోన్‌లో నేను చూస్తుంటాను."

వకుళ ముగ్గురికీ మెసేజ్ పెట్టింది. వెంటనే నరహరి ఫోన్ చేశాడు.

"ఆట శుక్రవారం కదండీ?"

"మా అమ్మాయి హోంవర్కు సార్. మీ ముగ్గురికీ ఆ రోజు గుర్తుంది కదా. చేసి చూపిస్తే రాసుకుంటాను. అరగంట చాలు."

"మీ చుక్క నిన్న మధ్యాహ్నం నుంచి ఎర్రగా ఉంది," అన్నాడు.

"తలనొప్పిగా ఉంటే తీసేశాను సార్."

"సరే. నాలుగింటికి కలుద్దాం."

వకుళ అనుమానం నవనీత మీదే. కలలో చప్పుడు వస్తోందన్నది ఆ పిల్లే. పెళ్ళి కాలేదు, అక్క పెళ్ళయ్యాక ఇంట్లో ఒక్కతే. నాలుగింటికి అందరూ కెమెరాల ముందుకు వచ్చేసరికి వకుళ కళ్ళు ఆమె చేతుల మీదే ఉన్నాయి. ల్యాప్‌టాప్ పక్కన నీళ్ళ సీసాకి ఆనించిన ఫోన్‌లో నుంచి అలివేలు చూస్తోంది. మౌళి సగం రోజు సెలవు పెట్టి, కెమెరాకి అందకుండా కుర్చీ వేసుకున్నాడు.

"మొదటిది. మా ఆయన ఆటో ఆపడం."

యాకూబ్ లేచి నిలబడి, లేని లుంగీ ఎగ్గట్టి, రెండు చేతులూ ఊపుతూ గదిలో గెంతాడు. నవనీత పగలబడి నవ్వింది. "ఏందన్నా, విమానం ఆపుతున్నవా?" మౌళికి కూడా నవ్వు ఆగలేదు.

"రెండోది. ఆటోలో గొడుగు."

నవనీత పమిటలా చున్నీని నెత్తి మీదికి లాగి ముడుచుకుని కూర్చుంది. నరహరి పెన్నును గొడుగులా పట్టుకుని కొంచెం నవ్వాడు. అలివేలు తల అడ్డంగా ఊపింది. ఏమీ తేలలేదు.

వకుళ గొంతు సవరించుకుంది. "ఆఖరిది. కళ్ళు మూసుకుని చేయాలి. ముగ్గురూ ఒకేసారి. పాపని మొదటిసారి ఎత్తుకోవడం."

ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు.

యాకూబ్‌కు ముగ్గురు పిల్లలు. అలవాటుగా ఎడమ చెయ్యి వంచి, కుడిచేత్తో జోకొట్టాడు. నవనీత రెండు చేతులతో దిండును హత్తుకున్నట్టు హత్తుకుంది. వకుళ ఆమెనే చూస్తోంది. ఫోన్‌లో అలివేలు వేలు ఇంకోవైపు చూపించింది.

నరహరి కుడిచెయ్యి ఒక్కటే వంచాడు. ఎడమచెయ్యి బల్ల మీద చాపి, అరచెయ్యి పైకి పెట్టి, కర్రలా బిగించి ఉంచాడు. దాన్ని ఒక్క పిసరు కదపలేదు. తల మెల్లగా వంచి, లేని నుదురును వాసన చూశాడు.

మౌళి కుర్చీలోంచి లేచాడు. గొంతు తగ్గించాలని కూడా తోచలేదతనికి. "ఎడమ చేతికి సెలైన్ సూది ఉంది వకుళా! కదిపితే ఊరుకోనని నర్సు అరిచింది. కుడిచేత్తోనే ఎత్తుకున్నావు. ఆ ఒక్కటీ నీకు చెప్పడం మరిచిపోయాను."

ముగ్గురూ కళ్ళు తెరిచారు.

"నరహరిగారూ," అంది వకుళ. "మీ ఎడమ చేతికేమైంది?"

అతను ఆ చేతిని వేరేవాళ్ళదన్నట్టు చూసుకున్నాడు. గబుక్కున ఒళ్ళోకి లాక్కున్నాడు.

"సార్?" అన్నాడు యాకూబ్.

నరహరి కుడిచెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. కాల్ లోంచి వెళ్ళిపోయే ఎర్ర మీట ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. అతను వెళ్ళిపోతే అంతే. టైము నాలుగుంపావు. అలివేలు ఇచ్చిన గడువుకి ఇక కొద్ది గంటలే ఉంది. ఏం మాట్లాడితే ఆగుతాడో వకుళకు తోచలేదు.

అప్పుడే వీధి తలుపు తోసుకుని బడి బట్టల్లో ఒక పిల్ల గదిలోకి పరిగెత్తుకొచ్చింది. ఇవాళ స్కూలు తొందరగా వదిలేసినట్టున్నారు. నోటుబుక్కు ఎత్తి పట్టుకుని, "అమ్మా, నాన్న చెప్పినవి రాస్తే టీచరు గుడ్ పెట్టింది!" అంది.

వకుళ ఆ పిల్లను తేరిపార చూసింది. మర్యాదగా అడిగింది.

"ఎవరు కావాలమ్మా?"

అమ్మ ఆటపట్టిస్తోందనుకుని లహరి నవ్వింది. అమ్మ ముఖం చూశాక నవ్వడం ఆపేసింది. మౌళి వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. "రా నాన్నా, ఇటు రా," అంటూ పక్కగదిలోకి తీసుకెళ్ళిపోయాడు. ఏడుపు గోడ అవతల నుంచి వినిపిస్తోంది. ఆ పిల్ల ఎందుకేడుస్తోందో వకుళకు అర్థం కాలేదు. ఏదో ఘోరం జరిగిందని మాత్రం తెలుస్తోంది. తెర మీద నవనీత రెండు చేతులతో నోరు మూసుకుంది.

నరహరి చెయ్యి మౌస్ మీద నుంచి జారింది.

"నేనే," అన్నాడు. "ఎవరూ అడ్డు రాకండి, ఆపితే మళ్ళీ చెప్పలేను. నలభై మూడు సార్లూ నేనే చూశాను. ఆడినవాళ్ళు ఎవరైనా ఆటను మళ్ళీ తెరిచి చూసుకోవచ్చు. ఎలా నడిచిందో లీడ్‌గా నేను రిపోర్టు రాయాలి. మొదటిసారి అందుకే తెరిచాను. పట్టీ రోజంతా పెట్టుకోవాలన్నది హెడ్డాఫీసు రూలు కాదు. నేను పెట్టింది. మధ్యాహ్నం మీ తల మీద పట్టీ ఉండాలని పెట్టాను వకుళగారూ.

"మాది పాలమూరు వైపు. నాకు అయిదేళ్ళప్పుడు మా అమ్మ నన్ను హాస్టల్ గేటు దగ్గర వదిలిపెట్టింది. చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టింది, చేతిలో బన్ను పెట్టింది, వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కూలి పనికి బొంబాయి పోయింది, అక్కడే చనిపోయింది. నాకు ఆమె ముఖం గుర్తులేదు. వీపు గుర్తుంది. పాతికేళ్ళు ఆ వీపునే తిట్టుకున్నాను.

"మీ రోజులో, నర్సు పాపకి ఒళ్ళు తుడవాలని మీ చేతిలోంచి తీసుకుంటుంది. ఆ కాసేపు మీ కుడిచెయ్యి ఖాళీగా ఉంటుంది. తల అటు తిప్పితే లేచి పరిగెత్తుతానేమోనని మీరు గోడవైపు చూస్తూ పడుకుంటారు. అది నాకు జరిగింది. నా చెయ్యే ఖాళీ అయింది, నేనే గోడవైపు చూశాను. అప్పుడు తెలిసింది, మా అమ్మ ఎందుకు తిరగలేదో. తిరిగితే వెళ్ళలేకపోయేది. ఇది ఇంకెవరూ నాకు చెప్పలేదు. అన్నం టైముకి తలుపేసుకుని రోజూ చూశాను. సాయంత్రానికి మళ్ళీ నమ్మకం పోయేది. మర్నాడు మళ్ళీ చూసేవాణ్ణి.

"తెలియక చేశానని చెప్పుకోవచ్చు. ముడి సంగతి మూడో వారంలో చదివాను. కొంచెమే కరుగుతుందనుకున్నాను. నిన్న పొద్దున మీరు వానో ఎండో తెలియట్లేదన్నప్పుడు నాకు మొత్తం అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఒంటి గంటా పదికి మళ్ళీ తెరిచాను. ఇది చెప్పకుండా మిగతాదంతా చెప్పినా అబద్ధమే అవుతుంది. మీరు మీ పాపని మరిచిపోతారని తెలిసే చూశాను.

"మీరు మాటిమాటికీ చూస్తున్న ఆ ఫోన్‌లో ఉన్నది పట్టీ తయారుచేసిన డాక్టరుగారే అనుకుంటాను. అమ్మా, ఇస్తే నా దగ్గరేమీ మిగలదని కాగితంలో చదివాను, పట్టీ నా తల మీదే ఉంది. వకుళగారికి కూడా పెట్టించండి. ఆటో దగ్గర నుంచి మొదలుపెడతాను. నర్సు పాపని తీసుకునే చోటికి వచ్చాక నేను ఆపమంటాను. బతిమాలతాను కూడా. నా మాట వినకండి."